బ్యాంకాక్ ఏటీఎం కార్డు తీసుకోకపోతే ముందు చూడాల్సింది

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో మూడు ఏటీఎంలూ మీ కార్డును వెనక్కి పంపాయంటే కార్డు పాడైందని కాదు. అందులో విదేశీ వాడకం ఆఫ్‌లో ఉండి ఉంటుంది. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే ఆన్ అయి వస్తాయి.

1. ఎయిర్‌పోర్టు వైఫై పట్టుకుని బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరవండి. అంతర్జాతీయ వాడకం ఆన్ చేయండి.

2. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఏటీఎంకి, షాపు మెషీన్‌కి, ఆన్‌లైన్‌కి విడివిడి స్విచ్‌లు ఉంటాయి. ఏటీఎం స్విచ్ వేశాక దాని కిందున్న రోజువారీ పరిమితి కూడా చూడండి. అది సున్నా దగ్గరుంటే స్విచ్ వేసినా రూపాయి రాదు. కౌలాలంపూర్‌లో మొదటి రోజు నేను ఇది చూసుకోక అరగంట మెషీన్‌ని తిట్టుకున్నాను.

3. ఈ మార్పులకు యాప్ అడిగే ఓటీపీ రావడం లేదా? మన సిమ్‌లో రోమింగ్ లేదన్నమాట. వైఫైలోనే మీ నెట్‌వర్క్ యాప్ నుంచి ఆన్ చేసుకోండి. థాయ్ సిమ్ కొన్నా మన సిమ్ తీసేయకండి.

4. మెషీన్ రూపాయల్లోకి మార్చి చూపిస్తే వద్దనండి, థాయ్ కరెన్సీ భాట్‌లోనే తీయండి. తీసిన ప్రతిసారీ 220 భాట్ లేదా అంతకంటే ఎక్కువ రుసుము పడుతుంది, అందుకని ఒకేసారి తీసుకోండి.

అప్పటికీ రాకపోతే చేతిలో ఉన్న నోట్లు కొన్ని కింద రైలు స్టేషన్ ఉన్న అంతస్తులో మార్చుకోండి, పైన కంటే రేటు నయం. అక్కడి నుంచి నగరంలోని ఫయా థాయ్ స్టేషన్‌కి రైలు టికెట్ 45 భాట్ అంతే.