2.302 దగ్గర ఆగిపోయిన లాస్

ప్రశ్న: ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ, ఏ లైబ్రరీ సాయం లేకుండా ఎమ్‌నిస్ట్ అనే బొమ్మల సేకరణలోని చేతిరాత అంకెలను గుర్తుపట్టే ప్రోగ్రామ్ రాశాను. ఒకటే పొర. 784 ఇన్‌పుట్లు, 10 అవుట్‌పుట్లు, బయాస్ (ప్రతి అవుట్‌పుట్‌కీ విడిగా కలిపే సంఖ్య) ఇంకా పెట్టలేదు. ఎంతసేపు ట్రైనింగ్ ఇచ్చినా లాస్ (అంచనా ఎంత తప్పిందో చెప్పే సంఖ్య) 2.302 దగ్గరే కూర్చుంటోంది. లెర్నింగ్ రేటు (ఒక్కో సవరణ ఎంత పెద్దదిగా ఉండాలో చెప్పే సంఖ్య) పెంచి చూశాను, తగ్గించి చూశాను. ఈ పనికి ఓకామెల్ పనికిరాదా? పైథాన్‌కి మారిపోనా?

జవాబు: మారకండి. ఆ 2.302 అనే సంఖ్యే దొంగను పట్టిస్తోంది. 10కి సహజ లాగరిథమ్ 2.3026. సరైన అంకెకి ఇచ్చిన సంభావ్యతకి సహజ లాగరిథమ్ తీసి గుర్తు మారిస్తే వచ్చేదే ఈ లాస్. అంటే మీ ప్రోగ్రామ్ ఏ బొమ్మ చూపించినా పది అంకెలకూ తలా 0.1 సంభావ్యత పంచేస్తోంది. ట్రైనింగ్ మొదట్లో అది మామూలే. అక్కడి నుంచి కదలకపోతేనే అనుమానించాలి.

వెయిట్‌ల (ఇన్‌పుట్లని హెచ్చించే సంఖ్యల) మ్యాట్రిక్స్ ఎలా తయారు చేశారో మీరు రాయలేదు. ‘అరే.మేక్ 10 (అరే.మేక్ 784 0.0)’ అని ఉంటుందని నా ఊహ. చూడ్డానికి పది వరుసలు. కానీ లోపలి అరే (సంఖ్యల వరుస) ఒక్కసారే పుడుతుంది, పది గడులూ దాన్నే చూపిస్తుంటాయి. మీరు ఓపిగ్గా ర్యాండమ్ విలువలు నింపినా చివరి వరుసకి నింపినవే మిగులుతాయి. పది అవుట్‌పుట్లకీ ఒకే స్కోరు వస్తుంది, అందుకే తలా 0.1.

ఇక్కడే అసలు తమాషా. క్రాస్ ఎంట్రపీలో, అంటే ఈ లాస్ లెక్కలో, ప్రతి అవుట్‌పుట్‌కీ వచ్చే సవరణ ‘అంచనా మైనస్ అసలు జవాబు’ని బట్టి ఉంటుంది. సరైన అంకెకి 0.1 − 1, అంటే −0.9. మిగతా తొమ్మిదింటికీ 0.1 చొప్పున మొత్తం 0.9. పదీ వచ్చి ఒకే వరుస మీద పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. సున్నాని ఏ లెర్నింగ్ రేటుతో హెచ్చిస్తే మాత్రం ఏం లాభం?

ఊహ నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. సున్నా వరుసలో అయిదో గడికి 7 ఇచ్చి, మూడో వరుసలో అయిదో గడిని ప్రింట్ చేయండి. అక్కడా 7 కనిపిస్తే దొరికినట్టే. ‘అరే.మేక్_మ్యాట్రిక్స్ 10 784 0.0’ అని మార్చండి. గ్రేడియెంట్లు (ఒక్కో వెయిట్ మారితే లాస్ ఎంత మారుతుందో చెప్పే సంఖ్యలు) పోగుచేసే మ్యాట్రిక్స్‌నీ ఓ కంట చూడండి.

అన్నట్టు, పైథాన్‌లో మామూలు లిస్టుని నక్షత్రం గుర్తుతో పదిరెట్లు చేసి మ్యాట్రిక్స్ కట్టినా ఇదే గోతిలో పడతారు. నేను పడ్డాను, ఒక ఆదివారం మొత్తం పోయింది. నంపై అనే పైథాన్ లైబ్రరీ వాడేవాళ్లకి ఆ గొయ్యి కనబడదు, అంతే.

ఇంకో అలవాటు చేసుకోండి. ఏదో ఒక వెయిట్‌ని 0.00001 పెంచి లాస్ చూడండి, అంతే తగ్గించి మళ్లీ చూడండి. ఆ రెండు లాస్‌ల తేడాని 0.00002తో భాగిస్తే మీ గ్రేడియెంట్‌కి దాదాపు సమానం కావాలి. నాలుగైదు వెయిట్‌లకి చేస్తే చాలు. సొంతంగా రాసిన కోడ్‌లో నేను అన్నిటికన్నా ముందు నమ్మేది ఈ పరీక్షనే.

ప్రశ్న: లూవా భాషలో సాఫ్ట్‌మ్యాక్స్ (స్కోర్లని సంభావ్యతలుగా మార్చే లెక్క) రాశాను. కాసేపు బాగానే నడిచి, తర్వాత అన్నీ ‘నాన్’ (సంఖ్య కానిది) అని వస్తున్నాయి.

జవాబు: స్కోర్లు పెరిగిపోయాయి. 64 బిట్ల దశాంశ సంఖ్యల్లో 710కి ఎక్స్‌పొనెన్షియల్ (ఇ అనే సంఖ్యకి 710వ ఘాతం) తీస్తేనే అనంతం వచ్చేస్తుంది. అనంతాన్ని అనంతంతో భాగిస్తే మిగిలేది ‘నాన్’. ముందుగా ప్రతి స్కోరులోంచీ అన్నిటికన్నా పెద్ద స్కోరుని మైనస్ చేయండి. 1000, 1001, 1002 ఉంటే −2, −1, 0 అవుతాయి. జవాబు 0.090, 0.245, 0.665. గణితపరంగా ఏమీ మారదు, పైన భాజ్యంలోనూ కింద భాజకంలోనూ ఒకే సంఖ్య పోతుంది కాబట్టి.

ప్రశ్న: ఓకామెల్‌లో రాసిన లూపుల్నే జూలియా భాషలోకి మార్చాను. మ్యాట్రిక్స్ పని నెమ్మదించింది.

జవాబు: జూలియా మ్యాట్రిక్స్‌ని మెమరీలో నిలువు వరుసల వారీగా దాస్తుంది, పక్కపక్కనున్నవాటిని వరసగా చదివితేనే వేగం. లోపలి లూపు అడ్డంగా కాకుండా నిలువుగా, పైనుంచి కిందికి నడిచేలా లూపులు తారుమారు చేసి చూడండి.