తాతయ్య ఫోనంటే పాప పారిపోతోంది

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. పాప మూడో తరగతి. అమ్మ పోయాక ఒంగోల్లో నాన్న ఒక్కరే ఉంటున్నారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. రోజూ సాయంత్రం వాట్సాప్ వీడియో కాల్‌లో పాపకు తెలుగు నేర్పేవారు. తలకట్టు బదులు అడ్డగీత పెడుతోందని విసుక్కునేవారు. ఫోన్ మోగితే చాలు, పాప బాత్రూంలోకి దూరేది. మొన్న నేను గద్దించి కూర్చోబెడితే ఏడ్చేసింది. అది విని నాన్న ‘ఇక నేను చెప్పనులే’ అన్నారు. వారం నుంచి ఫోన్ చేయడం లేదు. మావారేమో డబ్బు కట్టి ఆన్‌లైన్ క్లాసులో చేర్పిద్దామంటున్నారు.

జవాబు: ముందు నాన్నగారి సంగతి చూడాలమ్మా. రోజు మొత్తంలో ఆయన నోరారా మాట్లాడుకునేది బహుశా ఆ కాస్సేపే. ఇప్పుడు అదీ పోయింది. ఈ రోజే మీరు ఫోన్ చేయండి. పాప చదువు ఊసెత్తకండి. ఏం వండుకున్నారో, మాత్రలు ఉన్నాయో అయిపోయాయో అడగండి. ‘చెప్పను’ అన్నది కోపంతో కాదు, మనసు కష్టపడి అన్న మాట.

పాపను కూడా తప్పు పట్టలేం. బడి నుంచి అలసి వస్తే తాత కనబడగానే ‘పుస్తకం తియ్యి’ అంటున్నారు. ఇక దానికి తాత ఎక్కడ మిగిలారు? పాఠం వారానికి రెండు రోజులు చాలు. మిగతా రోజులు అది తన బొమ్మలు చూపించనీ, ఆయన పెరట్లో పిల్లిని చూపించనీ.

ఇంకో చిక్కుంది. వీడియో కాల్‌లో మాట ఒక్క క్షణం ఆలస్యంగా చేరుతుంది. జవాబు రాలేదని తాత మళ్లీ అడిగేలోపు పాప చెప్పేస్తుంది, ఇద్దరి మాటలూ కలిసిపోతాయి. ఆయనకు పిల్ల అడ్డం మాట్లాడుతున్నట్టుంటుంది, దానికి తాత వినిపించుకోనట్టుంటుంది. అందుకే దిద్దుబాటు కాల్‌లో వద్దు. పాప రాసిన పేజీ ఫొటో తీసి పంపండి. ఆయన తీరిగ్గా చూసి వాయిస్ మెసేజ్ పెడతారు. పాప కావలసినన్నిసార్లు వింటుంది.

ఆ అడ్డగీత విషయం నాన్నగారికి తప్పకుండా చెప్పాలి. 2015 నాటి చట్టంతో కర్ణాటక బడుల్లో కన్నడం తప్పనిసరి భాష అయింది. పాప బళ్లో దిద్దేది ఆ అక్షరాలే. రెండు లిపులూ పాత తెలుగు-కన్నడ లిపి నుంచి విడివడినవే. ల, బ రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. గ, స దగ్గరికొచ్చేసరికి మనం పైన టిక్కులా తలకట్టు పెడతాం, కన్నడంలో అడ్డగీత గీస్తారు. పాప రాసింది అదే. నిర్లక్ష్యం కాదు, బళ్లో నేర్చుకున్నది చేతికి అలవాటైంది. ఇది తెలిస్తే ఆయన విసుగు సగం పోతుంది. ‘కన్నడ అక్షరాలు నాకు నేర్పమ్మా’ అని పాపను ఆయన్నే అడగమనండి. ఒక రోజు అది టీచరు, ఆయన విద్యార్థి. ఆయన రాసిన పేజీ ఫొటో కూడా రావాలి, దాన్ని పాప ఎర్ర పెన్నుతో దిద్దాలి.

డబ్బు కట్టే క్లాసు చెడ్డదని అనను. కానీ ఇప్పుడు చేర్పిస్తే ‘మీరు పనికిరారు’ అని మీరు అన్నట్టే నాన్నగారికి వినిపిస్తుంది. మీవారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. సెలవులకు పాపను ఒంగోలు తీసుకెళ్లినప్పుడు, క్లాసు కావాలో వద్దో ఆయన్నే అడగండి.