కోర్టు మాట: యాభై ఏళ్ళ నాటి హత్య గురించి ఇప్పుడు అడగవచ్చా?

(చిత్తూరు కోర్టుల్లో శిరస్తాదారుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా శీర్షిక రచయిత పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. 1976లో బావి నీళ్ళ తగాదాలో మా తాతను, అంటే మా అమ్మ తండ్రిని, రాత్రిపూట పొలం దగ్గర నరికి చంపారు. ముగ్గురి మీద కేసు నడిచింది. మరుసటి ఏడు ఒకడికి యావజ్జీవం పడింది, ఇద్దరిని వదిలేశారు. శిక్ష పడినవాడు కూడా 1985లో ఊరికి తిరిగి వచ్చేశాడు. డబ్బు తినిపించి బయటపడ్డాడని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు. అప్పటికి అమ్మకు పదేళ్ళు. రైల్లో చిత్తూరు తీసుకువెళ్ళి కోర్టులో సాక్ష్యం చెప్పించారట. ఏం చెప్పిందో ఆమెకు గుర్తు లేదు. తన మాట వల్లే ఆ ఇద్దరూ బయటపడ్డారేమోనని ఇన్నేళ్ళూ లోలోపల కుమిలిపోయిందని మొన్న మా అవ్వ సంవత్సరీకం నాడు మొదటిసారి నాతో చెప్పింది. పెద్దమామను అడిగితే పాత పుండు కెలకవద్దంటున్నాడు. అసలేం జరిగిందో తెలుసుకునే దారి ఉందా? ఆ ఇద్దరి మీద మళ్ళీ కేసు వేయవచ్చా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. వేయలేరు. ఒక నేరానికి విచారణ జరిగి నిర్దోషిగా విడుదలైన మనిషిని అదే నేరానికి మళ్ళీ విచారించకూడదని పాత నేర విచారణ స్మృతి 300వ సెక్షను చెప్పింది, 2024 జూలైలో దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 337వ సెక్షనూ అదే చెబుతోంది. ఆ విడుదల మీద ప్రభుత్వం అప్పీలు చేసుకునే గడువు ఏనాడో దాటిపోయింది. బాధితుల కుటుంబమే స్వయంగా అప్పీలు చేసుకునే హక్కు 2009 డిసెంబరు 31న వచ్చింది, అంతకు ముందటి తీర్పులకు అది వర్తించదు. కేసు తిరగదోడిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

తెలుసుకునే దారి మాత్రం ఉంది. ఆ తీర్పు నకలు తెప్పించుకోండి. మీ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఈ హత్య గురించి మాట్లాడుకున్నవారిలో ఎంతమంది ఆ తీర్పు చదివారు? నా ఉద్యోగ జీవితమంతా చూసింది ఇదే. ఇంటిల్లిపాదికీ కథ తెలిసి ఉంటుంది, కాగితం ఒక్కరూ చూసి ఉండరు.

చంద్రగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా, 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాయే. అమ్మ వెళ్ళింది చిత్తూరుకే కాబట్టి కేసు అక్కడి సెషన్స్ కోర్టుదే. నంబరు తెలియకపోయినా దిగులు పడకండి. మీ తాతగారి పేరు, ముద్దాయిల పేర్లు, ఊరు, సంవత్సరం రాసి ఇస్తే సెషన్స్ కేసుల రిజిస్టరులో వెతుకుతారు. మీరు కేసులో కక్షిదారు కారు కాబట్టి నకలు కోసం వేసే దరఖాస్తుతో పాటు, హతుడికి మీరేమవుతారో, నకలు ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్ జతచేయాలి. దరఖాస్తు అమ్మ పేరు మీద వేస్తే ఇంకా మంచిది, ఆమె హతుడి కూతురు, సాక్షి కూడా. దీనికి సమాచార హక్కు చట్టం కింద అడిగితే తిప్పి పంపుతారు. కోర్టు రికార్డుల నకళ్ళు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. వకీలు ఖర్చుకు భయపడకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి చట్టం చెబుతోంది. చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ పెట్టుకోండి.

పోలీసు కాగితాల సంగతి వేరు. వాటికి సమాచార హక్కు చట్టమే సరైన దారి. ఇరవై ఏళ్ళు దాటిన సంఘటనల సమాచారాన్ని, దేశభద్రత వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఇవ్వాల్సిందేనని ఆ చట్టం 8వ సెక్షను 3వ ఉపవిభాగం చెబుతోంది. తిరుపతి జిల్లా పోలీసు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ఫైలు లేదు, ధ్వంసం చేశాం అంటే ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన చేశారో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటతో వెనక్కి రాకండి.

తీర్పు చేతికి వచ్చాక ఎలా చదవాలో కూడా చెప్పనివ్వండి. ఆ రోజుల్లో ఎక్కువగా ఇంగ్లీషులో, టైపు మిషను మీద కొట్టేవారు. కార్బను నకలైతే కొన్ని అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి, చివరికి వెళ్ళండి. అక్కడ ఒక అనుబంధం ఉంటుంది. సాక్షుల పేర్లు వరుసగా, పి.డబ్ల్యు. 1, పి.డబ్ల్యు. 2 అని (అంటే ప్రాసిక్యూషన్ తరఫు సాక్షులు). దాని కింద దాఖలైన కాగితాలు: గ్రామ మునసబు పంపిన రిపోర్టు, శవపంచనామా, పోస్టుమార్టం సర్టిఫికెట్టు. ఆ కింద వస్తువులు: కొడవలి, రక్తపు మరకల పంచె, టార్చిలైటు. మీ తాతగారి పంచెకు అక్కడ ఒక నంబరు ఉంటుంది. అది చూసినప్పుడు మనసు చెదురుతుంది, ముందే చెబుతున్నాను. ఒంటరిగా కూర్చుని చదవకండి.

సాక్షుల జాబితాలో అమ్మ పేరు, నంబరు పట్టుకోండి. తర్వాత తీర్పు మధ్యలో ఆ నంబరు వచ్చిన పేరాలన్నీ చదవండి. ఆమె చెప్పినదాన్ని జడ్జిగారు నమ్మారా, పక్కన పెట్టారా, ఎందుకు అన్నది అక్కడే రాసి ఉంటుంది. చిన్నపిల్లల సాక్ష్యాన్ని కోర్టులు చాలా జాగ్రత్తగా తూచేవి. ప్రశ్న అర్థమవుతోందా, సరైన జవాబు చెప్పగలదా అని ముందు చూసుకునేవి. ఎవరైనా నేర్పించి పంపారేమోనని గమనించేవి. పల్లె హత్య కేసుల్లో కొందరికి శిక్ష పడి, కొందరు విడుదల కావడానికి తరచుగా కనిపించే కారణాలు వేరు. మొదటి రిపోర్టులో పేరు లేకపోవడం, చీకట్లో గుర్తుపట్టడానికి తగిన వెలుతురు లేకపోవడం, పెద్దవాళ్ళయిన సాక్షులు కోర్టులో అడ్డం తిరగడం.

ఒకవేళ అమ్మ మాటను బట్టే ఆ ఇద్దరూ విడుదలయ్యారని తీర్పులో ఉంటే? ఉన్నా సరే, ఆ భారం ఆమెది కాదు. కేసు నిరూపించాల్సినవారు పోలీసులు, ప్రాసిక్యూటరు. తండ్రిని పోగొట్టుకున్న పదేళ్ళ పిల్లను, హత్య చేశారని చెబుతున్నవాళ్ళ ఎదుట నిలబెట్టి, నల్లకోటు వాళ్ళ చేత ప్రశ్నలు వేయించిన పెద్దల బాధ్యత అది. నేను చెప్పానని ఈ మాట ఆమెకు చదివి వినిపించండి. నకలు కోసం దరఖాస్తు వేసే ముందే వినిపించండి. ఆ తర్వాత తెలుసుకోవాలని ఉందో లేదో ఆమెనే తేల్చుకోనివ్వండి. వద్దంటే కొన్నాళ్ళు ఆగండి.

ఇక 1985లో తిరిగి వచ్చిన మనిషి. ఇందులో లంచం ఉందని అనుకోవాల్సిన అవసరమే లేదు. యావజ్జీవం అంటే బతికినంతకాలం అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. అయితే శిక్ష తగ్గించి విడుదల చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడినవాళ్ళు కనీసం పద్నాలుగేళ్ళు జైల్లో ఉండి తీరాలన్న నేర విచారణ స్మృతి 433ఎ సెక్షను 1978 డిసెంబరు 18న వచ్చింది. అంతకు ముందు శిక్ష పడినవాళ్ళకు అది వర్తించదని 1980లో మారూరాం కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మీ కేసులో శిక్ష 1977లో పడింది కదా. ఎనిమిదేళ్ళకు బయటికి రావడం అప్పటి చట్టానికి లోబడి జరగగలిగిందే. మీ కుటుంబానికి అది అన్యాయంగా అనిపించడం సహజం, నాకూ కష్టంగానే ఉంది. అయినా జరిగిందో లేదో తెలియని లంచం మీద ఇన్నేళ్ళు రగిలిపోవడం దేనికి?

పెద్దమామగారిని తప్పుపట్టకండి. అప్పుడు ఇంటికి పెద్దదిక్కు ఆయనే అయి ఉంటాడు. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, అదే ఊళ్ళో పొలం, పక్క మడిలో వాళ్ళే. కేసు సెషన్స్‌కు వెళ్ళిన నాటి నుంచి విచారణ మొదలయ్యే నాటి వరకు ఊరి పెద్దలు రాజీకి రావడం మామూలు. ఎవరు చంపారని ఆయన్ని అడగకండి. విచారణకు ముందు మన ఇంటికి ఎవరెవరు వచ్చి మాట్లాడారని అడగండి. అడిగి ఊరుకోండి. చెప్పాలనిపించిన రోజు చెబుతాడు.

ప్రశ్న: 1994లో మా చిన్నాన్న శవం చెరువు గట్టు కింద దొరికింది. హత్యే అన్నారు, ముద్దాయిలు దొరకలేదని కేసు మూసేశారు. ఆ రాత్రి తాను అంతా చూశానని మంచాన పడిన ఒక ముసలాయన ఇప్పుడు మాతో చెబుతున్నాడు. ఆలస్యమైపోయిందా?
– చిత్తూరు పాఠకుడు

జవాబు: నాయనా, కేసుకు ఆలస్యం కాలేదు, ఆ ముసలాయన విషయంలోనే తొందరపడాలి. కాలపరిమితి మూడేళ్ళ వరకు శిక్ష పడే నేరాలకే, హత్యకు లేదు. మీ కేసులో ఎవరినీ విచారించి విడుదల చేయలేదు కాబట్టి పైన సోదరికి అడ్డొచ్చిన నిబంధన మీకు అడ్డు రాదు. కొత్త ఆధారం దొరికితే తదుపరి దర్యాప్తు చేయవచ్చు. పాత స్మృతిలో 173వ సెక్షను 8వ ఉపవిభాగం, కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 193వ సెక్షను 9వ ఉపవిభాగం అందుకు దారి ఇస్తున్నాయి. నేరం 1994 నాటిది కాబట్టి ఐపీసీ 302 కిందే నడుస్తుంది.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. చావుబతుకుల్లో ఉన్న మనిషి చెప్పిన మాటంతా మరణ వాంగ్మూలం కాదు. తన చావుకు కారణమేమిటో తాను చెబితేనే అది మరణ వాంగ్మూలం. మీ చిన్నాన్న హత్య గురించి ఆయన మీకు చెప్పింది, ఆయన పోయాక మీరు కోర్టులో చెప్పినా, విన్నమాటగానే మిగులుతుంది. ఫోనులో రికార్డు చేసుకుని నిశ్చింతగా ఉండకండి. క్రైం నంబరు (పోలీసు స్టేషనులో కేసు నమోదైన నంబరు), ఆయన పేరు, ఆరోగ్య పరిస్థితి రాసి జిల్లా ఎస్పీకి ఈ వారంలోనే అర్జీ ఇవ్వండి, ఒక నకలు మీద ముద్ర వేయించుకోండి. మెజిస్ట్రేటు చేత ఆయన వాంగ్మూలం నమోదు చేయించాలని స్పష్టంగా కోరండి. ఆయన కదలలేని స్థితిలో ఉన్నాడన్న సంగతి మొదటి వాక్యంలోనే రాయండి.

ప్రశ్న: మా అత్తను చంపారని కేసు పెడితే కోర్టు వదిలేసిన మనిషి ఫొటో, ఊరు ఫేస్‌బుక్‌లో పెట్టి నిజం చెప్పమని అడగాలనుకుంటున్నాం. తప్పా?
– శ్రీకాళహస్తి పాఠకురాలు

జవాబు: పెట్టకండి. కోర్టు విడుదల చేసిన మనిషిని హంతకుడని ప్రచారం చేస్తే పరువునష్టం కేసులో మీరు ముద్దాయి అవుతారు. ఊళ్ళో మీవాళ్ళు, వాళ్ళవాళ్ళు మళ్ళీ ఎదురెదురుగా నిలబడాల్సి వస్తుంది. ముందు తీర్పు నకలు తెప్పించి చదవండి. అప్పటికీ అడగాల్సిన ప్రశ్నలు మిగిలితే వాటిని రాసి నాకు పంపండి.