గ్యాస్ కొట్టించే ముందు

చిరంజీవి లావణ్యకు,

బిడ్డా, "కారు ఏసీ సల్లగ వస్తలేదు చిన్నబాపూ, ఇంటి దగ్గరి షాపాయన గ్యాస్ అయిపోయిందంటున్నడు, ఆడనే కొట్టియ్యాల్నా, కంపెనీ సర్వీసుకు పోవాల్నా" అని అడిగినవు కదా. ఎక్కడికి పోవాలన్నది తర్వాత చూద్దాం. గ్యాస్ నిజంగా తగ్గిందా, తగ్గితే ఏ దారిన పోయింది అన్నది ముందు తేలాలి.

ఏసీ గ్యాస్ పెట్రోలు లెక్క ఖర్చయ్యేది కాదు. గ్యాస్‌ను ఒత్తి తోసే కంప్రెసర్, బండి ముందు జాలి వెనక దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్, గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, ఈ నాలుగింటి మధ్య మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతుంది. రబ్బరు గొట్టాల నుంచి, సీళ్ళ నుంచి ఏళ్ళ తరబడి చుక్కచుక్కగా జారడం మామూలే. నీ బండికి 8 ఏళ్ళు. ఇన్నేళ్ళలో ఒకసారి తక్కువ పడిందంటే నమ్మొచ్చు. పోయిన ఎండాకాలం కొట్టించి ఈసారి మళ్ళీ తక్కువైందంటే మాత్రం లీకే. సల్లగ వస్తున్న ఏసీకి "ఏటా గ్యాస్ మార్చాలి" అని ఎవరన్నా చెబితే విప్పనియ్యకు.

ఇంట్లోనే పావుగంటలో చాలా సంగతి తెలుస్తుంది. బండిని నీడలో పెట్టు. ఏసీ పూర్తి చల్లదనానికి తిప్పి, బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, 10 నిమిషాలు నడవనియ్యి. మధ్య వెంట్‌లో ధర్మామీటర్ పెట్టు. జ్వరం చూసేది పనికిరాదు, 0 నుంచి 50 డిగ్రీల దాకా చూపించేది కావాలి. బయట 35 ఉన్నప్పుడు వెంట్‌లో 8 నుంచి 12 మధ్య వస్తే ఏసీకి ఏ రోగమూ లేదు. బయట 43 ఉండి, బండి నిలబడి ఉండి, వెంట్‌లో 14, 15 వచ్చినా కంగారు పడకు. మంచిర్యాల, రామగుండం వైపు మే నెలలో ఎంత కొత్త బండైనా నిలబడి ఉంటే అంతకన్నా పెద్దగా దిగదు.

తర్వాత గాలి ఎట్లా వస్తుందో చూడు. గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తుంటే గ్యాస్‌తో పని లేదు, గ్లోవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ చూడాలి. తీసి ఎండకు అడ్డం పెట్టు, వెలుతురు అవతలికి కనబడకపోతే మార్చు. కొత్తది పెట్టేటప్పుడు దాని మీది బాణం గుర్తు గాలి పోయే దిక్కుకు ఉండాలి. కొన్ని తక్కువ వేరియంట్లలో ఫిల్టర్ పెట్టకుండానే బండి ఇస్తారు, చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. అట్లా ఉంటే దుమ్మంతా కూలింగ్ కాయిల్ మీదనే పేరుకుంటుంది, వాసన కూడా అక్కడి నుంచే వస్తుంది.

మొదట మంచిగా చల్లబడి, అరగంట తర్వాత గాలి సన్నబడిపోయి, కాసేపు ఆపితే మళ్ళీ వస్తుందా? కాయిల్ మీద మంచు కడుతున్నది. దానికి కాయిల్ దగ్గరి టెంపరేచర్ సెన్సర్‌ను చూపించాలి. పక్క సీటు కాళ్ళ దగ్గర నీళ్ళు కారితే, కాయిల్ నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసుకుపోయినట్టు. అది శుభ్రం చేసే పనే తప్ప డాష్‌బోర్డు విప్పే పని కాదు.

రోడ్డు మీద పోతుంటే చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుందంటే, ముందు కండెన్సర్‌ను, దాని ఫ్యానును అనుమానించు. మన దగ్గర ఇదే ఎక్కువ. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వచ్చే రోజుల్లో రోడ్డంతా దూది లేస్తుంది, కోతలప్పుడు వరి పొట్టు, క్వారీల వైపు గ్రానైట్ దుమ్ము. ముందు జాలిలోంచి టార్చి వేసి చూడు. కండెన్సర్ సన్నని రేకుల మధ్య బూడిదరంగు దుప్పటి పరిచినట్టు కనబడుతుంది. దానికీ రేడియేటర్‌కూ మధ్య సందులో ఇంకా మందంగా ఉంటుంది. మామూలు పైపుతో నెమ్మదిగా కడిగించు, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి. వాటర్ సర్వీసు వాళ్ళ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోయి ఉన్న గాలి కూడా ఆగిపోతుంది. ఈ ఒక్క పనితో బాగుపడే బండికి గ్యాస్ కొట్టి పంపించడం నాకు చూడబుద్ధి కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే గ్యాస్ సంగతి. బానెట్ ఎత్తి, ఏసీ నడుస్తుండగా, ఇంజిన్ వెనక గోడలోకి పోయే రెండు గొట్టాలు చూడు. చున్నీ, జడ వెనక్కి కట్టుకో, ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. లావు గొట్టం చెమటలు పట్టి చల్లగా ఉండాలి. అది చల్లగా ఉండి లోపల మాత్రం గాలి వేడిగా వస్తే గ్యాస్ ఉన్నది. హీటర్ గాలిని కలిపే తలుపు సరిగా మూసుకోవడం లేదన్నమాట. లావు గొట్టం చల్లబడకుండా, కంప్రెసర్ నాలుగైదు సెకన్లకోసారి టక్కుమని పట్టి వదులుతుంటే గ్యాస్ తక్కువైనట్టు. అసలు పట్టకనే పోతే ఫ్యూజు, రిలే కూడా చూడాలి.

గ్యాస్ పోయే చోట కొంచెం నూనె కూడా బయటికి వస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని జిడ్డు మరక కడుతుంది. గొట్టాల జాయింట్లు, కండెన్సర్ మూలలు, కంప్రెసర్ ముందు భాగం వెతుకు. గ్యాస్ ఎక్కించే రెండు నాజిళ్ళకు ఎల్, హెచ్ అని రాసిన మూతలు ఉన్నాయా? చాలా బండ్లకు ఉండవు. లోపలి చిన్న వాల్వ్ పిన్ను పాడైతే అక్కడి నుంచే పోతుంది, దాని ఖర్చు చాలా తక్కువ. బయట ఎక్కడా మరక లేకపోతే కూలింగ్ కాయిల్ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఇక ఎక్కడికి పోవాలంటావా? వారంటీ ఉన్న బండికి కంపెనీ సర్వీసే. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లకూ అదే, ఎందుకంటే వాటి కంప్రెసర్ నూనె వేరు, మామూలు నూనె కొంచెం కలిసినా కరెంటు లీకయ్యే ప్రమాదం ఉంటుంది. నీలాంటి పాత బండికి కంపెనీలో నష్టమేమిటంటే, చిన్న లీకును బాగుచేయకుండా మొత్తం పార్టే మార్చమంటారు. కారు ఏసీ ఒక్కటే చేసే షాపు నీకు మేలు. వరంగల్ ఆటోనగర్‌లో, హనుమకొండలో రెండు మూడు షాపులు తిరిగి అడుగు. డాష్‌బోర్డు విప్పాల్సి వస్తే మాత్రం నీ మోడల్ అంతకుముందు విప్పినవాళ్ళ దగ్గరే చేయించు. తొందరపడి బిగిస్తే క్లిప్పులు విరిగి, బండి ఉన్నన్ని రోజులు కిటకిటలాడుతుంది.

షాపులో అడగాల్సింది ఇది: "నైట్రోజన్ కొట్టి లీకు చూస్తరా? వాక్యూం ఎంతసేపు పెడతరు? గ్యాస్ తూకం వేసి ఎక్కిస్తరా?" వాక్యూం అంటే పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేయడం. ఈ మూడింటికి తిన్నగా జవాబు రాకపోతే వెనక్కి తిరుగు. పాత గ్యాస్‌ను మిషన్‌లోకి లాక్కోవాలి, గాలిలోకి వదలొద్దు. కార్ల ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ అనే గ్యాస్ వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైనే. తర్వాత నైట్రోజన్ నింపి, జాయింట్ల మీద సబ్బు నురగ పూసి చూడాలి. లీకు బాగుచేశాక వాక్యూం కనీసం 30 నుంచి 45 నిమిషాలు పెట్టి, పంపు ఆపి 15 నిమిషాలు ప్రెషర్ మీటర్ ముల్లు కదలకుండా ఉందా చూడాలి. అయిదు నిమిషాల్లో తీసేస్తే గొట్టాల్లో గాలి, తేమ మిగులుతాయి. గాలి ప్రెషర్ పెంచుతుంది, తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, నూనెతో కలిసి యాసిడ్ అవుతుంది.

తూకం ఎందుకంటే, ఏసీ ఆపి ఉన్నప్పుడు 35 డిగ్రీల ఎండలో ఆర్-134ఏ ప్రెషర్ సుమారు 115 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల 150 గ్రాములున్నా అంతే, 400 ఉన్నా అంతే. ఆ ముల్లు చూపించి "ఫుల్ ఉన్నది" అన్నా, "కొంచెమే తక్కువ" అన్నా నమ్మకు. నీ బండికి ఎన్ని గ్రాములో, ఏ గ్యాసో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 350 నుంచి 450 గ్రాముల మధ్య ఉంటుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడదు, కంప్రెసర్ మీద బరువు పడి చల్లదనం తగ్గుతుంది. లీకును లోపలి నుంచి మూసే మందు డబ్బా అంటారు, అది వద్దే వద్దు, వాల్వ్‌నే మూసేస్తుంది. పేరు లేని చవక గ్యాస్ డబ్బాల్లో మండే గ్యాస్ కలిపి ఉండొచ్చు, సీలు చూసి నీ ముందరే విప్పమను.

కంప్రెసర్ పోయిందంటే తొందరపడకు. పాత నూనె చూపించమను. అది నల్లగా, మెరిసే పొడితో ఉంటే లోపల అరిగిపోయినట్టు. అప్పుడు కండెన్సర్, తేమను పీల్చే డ్రయర్, వాల్వ్ కూడా మార్చాలి. ఇప్పటి కండెన్సర్ల సన్నని దారుల్లో ఇరుక్కున్న పొడి కడిగితే పోదు, అది మిగిలితే కొత్త కంప్రెసర్‌నూ తినేస్తుంది. నూనె శుభ్రంగా ఉంటే క్లచ్చో, బేరింగో మాత్రమే పోయి ఉండొచ్చు, అది విడిగా మారుతుంది.

రోహిణి కార్తె దాకా ఆగకు. ఉగాది దాటితే ఏ షాపులోనూ ముప్పావుగంట వాక్యూం పెట్టే ఓపిక ఉండదు, బండ్లు వరుసలో నిలబడతాయి. చలికాలంలో కూడా వారానికి ఒకసారి 10 నిమిషాలు ఏసీ వేస్తుండు, సీళ్ళకు నూనె అందుతుంది.

ముందు కండెన్సర్ కడిగించి, ధర్మామీటర్ పెట్టి చూసి, ఎంత వచ్చిందో నాకు పెట్టు. షాపుకు పోవాల్సి వస్తే వాళ్ళిచ్చే బిల్లు మీద గ్యాస్ ఎన్ని గ్రాములు ఎక్కించారో రాయించుకుని ఫొటో పంపు.

మీ చిన్నబాపు