కంట్రోల్ లైన్ విమానం రెండో రౌండ్‌లోనే లైన్లు వదులై లోపలికొచ్చి పడింది. ఏం మార్చాలి, మళ్ళీ ఎలా ఎగరేయాలి?

మీ ప్రశ్న మొత్తం చదివాను. ఇద్దరు స్నేహితులు కలిసి 2.5 సీసీ డీజిల్ ఇంజన్‌తో ప్రొఫైల్ ట్రైనర్, అంటే పలక లాంటి చదునైన ఒడలున్న, నేర్చుకునేవాళ్ళ మోడల్ విమానం కట్టారు. బరువు 600 గ్రాములు, చేతి హ్యాండిల్ నుంచి విమానానికి వెళ్ళే తీగలు, అంటే లైన్లు, 15 మీటర్లు. మొదటి రౌండ్ బాగానే తిరిగింది. రెండో రౌండ్‌లో పైకి లేచింది, లైన్లు వదులయ్యాయి, హ్యాండిల్ ఎంత లాగినా పలకలేదు, మీ వైపే తిరిగి ముక్కు మీద పడింది. రెక్క అతికించాక ఏం మార్చాలి, మళ్ళీ ఎలా ఎగరేయాలి అని అడిగారు. రెక్క, ఎలివేటర్ (తోక మీద పైకీ కిందికీ కదిలే పలక) మిగిలాయంటున్నారు కాబట్టి నష్టం పెద్దది కాదు, దిగులు పడకండి.

నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్‌గా 1996లో ఈ విద్య మొదలుపెట్టాను. ఉద్యోగంలో చేరాక పదేళ్ళు వదిలేసి, మళ్ళీ పట్టుకున్నాను. ఇప్పటికి పద్నాలుగు కట్టాను. అందులో రెండోది సరిగ్గా మీ దానిలాగే పడింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కంట్రోల్ లైన్ విమానంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది లైన్ టెన్షన్. మీ చేతిలోని హ్యాండిల్ నుంచి రెండు తీగలు వెళ్ళి రెక్క లోపలి బెల్ క్రాంక్‌ను, అంటే ఇరుసు మీద తిరిగే చిన్న మీటను తిప్పితే, దానికి తగిలించిన పుష్‌రాడ్ అనే కడ్డీ ఎలివేటర్‌ను కదుపుతుంది. తీగలు బిగుతుగా ఉన్నంతసేపే ఈ గొలుసు పని చేస్తుంది. చిన్నప్పుడు ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరగడం చూసే ఉంటారు. ఇద్దరూ వెనక్కి వాలి చేతులు బిగబట్టినంతసేపు ఎంత వేగంగానైనా తిరుగుతారు. ఒకరు మోచేయి వంచారంటే ఇద్దరూ తూలిపోతారు. విమానం, మీరు ఆ ఇద్దరు అనుకోండి. అది బయటికి లాగుతూనే ఉండాలి.

ఎంత లాగుతుందో లెక్క వేసి చూడండి. 15 మీటర్ల లైన్ మీద ఒక రౌండ్ అంటే 94 మీటర్లు. అది 5.2 సెకన్లలో తిరిగితే వేగం సెకనుకు 18 మీటర్లు, 600 గ్రాముల విమానం మీ చేతిని దాదాపు 1.3 కిలోల బలంతో లాగుతుంది. ఇంజన్ సరిగా లాగక అదే రౌండ్‌కు 7 సెకన్లు పట్టిందనుకోండి, ఆ లాగుడు 750 గ్రాములకు పడిపోతుంది. వేగం పావు వంతు తగ్గితే పట్టు దాదాపు సగం పోతుంది. వడిసెల తిప్పిన వాళ్ళకు ఇది చేతికే తెలుస్తుంది. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కు చెందిన జిమ్ వాకర్ 1940లలో ఈ క్రీడను జనంలోకి తీసుకెళ్ళినవారిలో ముఖ్యుడు. ఆయన ప్రదర్శనల్లో రెండు చేతులతో రెండు విమానాలు, తలకు తగిలించుకున్న లైన్లతో మూడోది ఒకేసారి ఎగరేసేవారు. తల కాస్త ఊపితే విమానం మాట విన్నదంటే ఆ తీగలు ఎంత బిగుతుగా ఉండి ఉండాలి!

ఇప్పుడు మీ విమానం సంగతి. అతికించే ముందే రెక్కను వెనక నుంచి, కంటి ఎత్తులో పెట్టి చూడండి. మెలి తిరిగి ఉందా? నా రెండో విమానం పడడానికి కారణం ఇదే. రెక్క మీద టిష్యూ కాగితం అతికించి, దాన్ని బిగించే డోప్ అనే పూత పూశాక రెక్కను బల్ల మీద బరువుల కింద ఉంచకుండా గోడకు ఆనించి ఆరబెట్టాను. డోప్ ఆరుతూ బిగిసేటప్పుడు బయటి రెక్క, అంటే కుడి రెక్క, వెనక అంచు 3 మిల్లీమీటర్లు కిందికి దిగింది. కంటికి పెద్దగా కనిపించలేదు. గాలిలో మాత్రం ఆ రెక్క ఎక్కువ లిఫ్ట్ ఇచ్చి పైకి లేచింది, విమానం నా వైపు ఒరిగింది, లైన్లు జారిపోయాయి. ఆరు వారాల పని నాలుగు సెకన్లలో మట్టిలో కలిసింది. ఆ సాయంత్రం ఇంజన్‌లోంచి మట్టి కడుగుతూ కూర్చున్నప్పటి ఈథర్, ఆముదం వాసన ఇప్పటికీ గుర్తుంది.

మెలిక ఉంటే భయపడక్కర్లేదు. గిన్నెలో నీళ్ళు మరిగించి ఆ ఆవిరి మీద రెక్కను పట్టుకుని, ఉన్న మెలికకు ఎదురు దిశలో కొంచెం ఎక్కువే తిప్పి, చల్లారేదాకా వదలకండి. రెండు మూడు సార్లు చేస్తే దారికొస్తుంది. మర్నాడు మళ్ళీ చూడండి, ఒక్కోసారి పాత మెలిక తిరిగి వస్తుంది.

రెండోది, లైన్లు రెక్క కొస నుంచి బయటికొచ్చే చోటు. మీరు ఫోటోలో బెల్ క్రాంక్ చూపించారు, అది సరిగానే ఉంది. కానీ విమానం ముక్కు ఎటు తిరగాలో బెల్ క్రాంక్ బిగించిన చోటు తేల్చదు, కొస దగ్గర తీగలు దాటే రంధ్రాలు తేలుస్తాయి. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఎగిరేటప్పుడు తీగలు గాలికి వెనక్కి విల్లులా వంగుతాయి. అందుకని రెండు రంధ్రాల మధ్య బిందువు సీజీకి, అంటే విమానం బరువు తూగే చోటికి, ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక ఉండాలి. ముందుకు ఉంటే తీగల లాగుడే ముక్కును మీ వైపు తిప్పుతుంది. చూడడం తేలిక: రెక్క కొస నుంచి బయటికొచ్చే రెండు తీగలు (లీడ్‌అవుట్లు) పట్టుకుని విమానాన్ని గాలిలో వేలాడదీయండి. ముక్కు కొద్దిగా కిందికి వాలితే మంచిది. తోక వాలిందంటే రంధ్రాలు మార్చాల్సిందే. కొస పక్క ప్లైవుడ్ ముక్కకు పొడవుగా గాడి తీసి, తీగలను ముందుకూ వెనక్కూ జరుపుకునేలా పెట్టుకోండి. నా విమానాలన్నిటికీ ఇప్పుడు అదే ఉంటుంది. రంపం ముట్టుకోకుండా మైదానంలోనే సరిచేసుకోవచ్చు.

తీగలకూ బరువుంటుంది, ఆ బరువులో కొంత లోపలి రెక్క మీద పడుతుంది. దానికి జవాబుగా బయటి రెక్క కొసలో బరువు పెట్టాలి. మీ సైజుకు 15 నుంచి 20 గ్రాములతో మొదలుపెట్టండి. నేను పరీక్ష కోసం పాత లావు ఐదు రూపాయల బిళ్ళలు టేపుతో అంటిస్తాను, ఒక్కోటి 9 గ్రాములు. కుదిరాక వాటిని తీసి అంతే బరువు సీసం లోపల అతికిస్తాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర ఒక వేలు, తోక కింద ఒక వేలు పెట్టి లేపితే కుడి రెక్క మెల్లగా వాలాలి. ఇంజన్‌ను రెండు మూడు డిగ్రీలు బయటికి తిప్పి బిగించండి, బోల్టుల కింద వాషర్లు వేస్తే చాలు. రడ్డర్, అంటే తోక మీద నిలువు పలక, కూడా కొంచెం బయటికి ఉండాలి. ఈ రెండూ అతి చేయకండి, ముక్కు బాగా బయటికి తిరిగితే వేగం చచ్చిపోతుంది, వేగం పోతే పట్టు పోతుంది.

ఇక సీజీ. మీరు 'రెక్క వెడల్పులో మూడో వంతు దగ్గర తూగుతోంది' అన్నారు. మొదటి విమానానికి అది చాలా వెనక. నేనైతే 20 శాతం దగ్గర పెడతాను, అంటే రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయితే ముందు అంచు నుంచి 4 సెంటీమీటర్లు. తోక బరువు ఎక్కువైన విమానం చిన్న కదలికకే గుర్రంలా లేస్తుంది, మీది రెండో రౌండ్‌లో ఒక్కసారిగా పైకి పోవడానికి ఇదీ ఒక కారణమే అని నా నమ్మకం. గాలాలకు కట్టే సీసం గుండ్లు ముక్కులో కూర్చండి. బరువు పెరుగుతుందని వెనకాడకండి. అలాగే ఎలివేటర్ కదలిక తగ్గించండి. పుష్‌రాడ్‌ను ఎలివేటర్ హార్న్ (పుష్‌రాడ్ తగిలించే చిన్న కొమ్ము) మీద ఎలివేటర్‌కు దూరంగా ఉన్న రంధ్రానికి మార్చితే పైకి 15 డిగ్రీలు, కిందికి 15 డిగ్రీలు వస్తుంది, మొదటి నెలకు అది చాలు. లూపులు తర్వాత.

మైదానానికి వెళ్ళాక మొట్టమొదట పైకి చూడండి. కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే వెనక్కి వచ్చేయండి. మీ చేతిలో ఉన్నది 15 మీటర్ల స్టీలు తీగ, అది హైటెన్షన్ లైన్‌కు తగలక్కర్లేదు, దగ్గరికి వెళ్ళినా ప్రాణం పోతుంది. ఉరుములు వినిపించినా అంతే. ఈ ఒక్క విషయంలో ఎవరు ఎంత చెప్పినా వినకండి.

తర్వాత లాగి చూడడం. అంతర్జాతీయ పోటీల్లో ఎఫ్2బి అనే విన్యాసాల విభాగంలో ఎగిరే ముందు విమానం బరువుకు పది రెట్లు లాగి పరీక్షిస్తారు. మీకైతే 6 కిలోలు. సామాన్లు తూచే స్ప్రింగ్ కాటా హ్యాండిల్‌కు తగిలించి, స్నేహితుడు విమానాన్ని బెల్ క్రాంక్ దగ్గర పట్టుకుంటే రెండు నిమిషాల పని. రెండు తీగలూ కలిపి లాగాలి. తీగలో ఎక్కడైనా మెలికపడి మడత కనిపిస్తే ఆ తీగ పారేయండి, అతికించి వాడకండి. హ్యాండిల్ నుంచి మణికట్టుకు పట్టీ తప్పనిసరి. చివరిగా, ఇంజన్ స్టార్ట్ చేయకముందు హ్యాండిల్ పైకి వంచితే ఎలివేటర్ పైకే లేస్తోందా అని ప్రతిసారీ గట్టిగా పలికి చూసుకోండి. తీగలు తారుమారై మంచి విమానాలు పోవడం నా కళ్ళతో చూశాను.

గాలి లేని సమయం ఎంచుకోండి. కోస్తాలో అయితే పొద్దున్నే ఎనిమిదిలోపు, తర్వాత సముద్రం గాలి లేస్తుంది. కొంచెం గాలి ఉన్నా మీ విమానం పడిన చోటు గుర్తు చేసుకోండి: గాలి వచ్చే వైపేనా? అటు వైపు ఉన్నప్పుడు గాలి విమానాన్ని మీ మీదికి తోస్తుంది. అక్కడ అది పైకి లేస్తే రెక్క అడుగుభాగం గాలికి ఎదురుపడి ఇంకా లోపలికి కొట్టుకొస్తుంది. కాబట్టి గాలికి ఎదురు వైపు విమానాన్ని కిందనే ఉంచండి, తలెత్తు కంటే లేపకండి. వదిలేటప్పుడు గాలి మీ వీపు వెనక నుంచి విమానం వైపు వీచే చోట నిలబెట్టి వదలండి. మొదటి కొన్ని సెకన్లు గాలే లైన్లను బిగించి పెడుతుంది.

ఇంజన్‌ను నేల మీద కాస్త రిచ్‌గా, అంటే ఇంధనం కొంచెం ఎక్కువ అందేలా ఉంచండి, గాలిలో లేచాక ప్రొపెల్లర్ మీద భారం తగ్గి అదే పుంజుకుంటుంది. ట్యాంకులో ఇంధనం తీసుకునే గొట్టం చివర బయటివైపు వెనక మూలలో ఉండాలి. తిరిగేటప్పుడు ఇంధనం అంతా అటే చేరుతుంది, గొట్టం లోపలి వైపు ఉంటే సగం ట్యాంకుండగానే ఇంజన్ దగ్గుతుంది. మొదటి పరీక్షకు రెండు నిమిషాలకు సరిపడా పోస్తే చాలు. ఈథర్ కలిపేచోట నిప్పు, సిగరెట్టు ఉండకూడదు, డబ్బా ఎండలో పెట్టకూడదు. ఎలక్ట్రిక్ మోటార్‌కు మారదామా అని కూడా అడిగారు. మారవచ్చు, మొదటి నుంచి చివరిదాకా వేగం నిలకడగా ఉంటుంది. కానీ ముందు ఈ విమానాన్ని దీని ఇంజన్‌తోనే ఎగరేయండి.

విమానం పట్టుకున్న స్నేహితుడికి ఒక్క మాట చెప్పండి: తోయకూడదు, వదలాలి. రెక్కలు సమంగా, ముక్కు వలయానికి కొంచెం బయటికి. మీరు చేయి చాచి, మణికట్టు కదపకుండా, భుజం నుంచి చేతిని పైకీ కిందికీ కదపండి. వదిలిన వెంటనే 'అప్' ఇవ్వకండి, అంటే ఎలివేటర్ పైకి లేపకండి, వేగం అందుకునేదాకా ఆగండి. కళ్ళు విమానం మీదే ఉండాలి, వెనక కదిలే చెట్లను చూస్తే మూడో రౌండ్‌కే కళ్ళు తిరుగుతాయి. తిరిగినా కూర్చోవద్దు, విమానాన్నే చూస్తూ ఉండండి, తగ్గుతుంది. లైన్లు వదులైనట్టు అనిపిస్తే హ్యాండిల్ ఊపడం దండగ, వెంటనే రెండడుగులు వెనక్కి వేసి చేతిని ఒంటి వైపు లాక్కోండి. పట్టు రాగానే చిన్న కదలికతో సరిచేయండి. నా మూడో విమానం ఇలాగే రెండుసార్లు దక్కింది.

ఇంజన్ ఆగాక కూడా అంతే. 'అప్' ఇచ్చి ఎత్తు నిలబెట్టాలని చూడకండి, వెనక్కి నడుస్తూ చేతిని విమానం కంటే కొద్దిగా ముందుకు నడిపిస్తే లైన్లు బిగుతుగా ఉంటాయి, అది దానంతట అదే జారుతూ దిగుతుంది.

ఒక్కో ఫ్లయిట్ తర్వాత ఒక్కటే మార్చండి. బరువూ రంధ్రాలూ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. మీ రెక్క వెనక నుంచి తీసిన ఫోటో, ముందు అంచు నుంచి సీజీ దాకా కొలత, రంధ్రాల మధ్య బిందువు కొలత ఇక్కడ పెట్టండి. వచ్చే ఆదివారంలోపు చూసి ఎంత జరపాలో చెబుతాను.