సీటు కోటాలో వచ్చింది, ఫీజు ఎక్కడి నుంచి తేవాలి? ఒక మాజీ నేవీ ఉద్యోగి ప్రశ్న

ప్రశ్న: నేవీలో 15 ఏళ్లు చేసి పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. మల్కాపురంలో సొంత ఇల్లుంది. పెన్షన్ 28 వేలు, పరవాడలో ఒక కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా మరో 20 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 36 వేలు. రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో 9 లక్షలు మూడు ఎఫ్‌డీలుగా వేసి ఉంచాను. అమ్మాయికి ఇంటర్‌లో 1000కి 884 వచ్చాయి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో క్యాప్ కోటా కింద ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీటు వచ్చింది. ఫీజు 78 వేలు, బస్సూ పుస్తకాలూ కలిపితే 1.10 లక్షలు. ఎక్స్ సర్వీస్‌మన్ పిల్లలకు స్కాలర్‌షిప్ ఉంది కదా, వచ్చాక కడతానంటే కాలేజీవాళ్లు ఒప్పుకోవడం లేదు. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చెయ్యమంటున్నారు. అమెరికాలో ఉన్న మా తోడల్లుడి కొడుకు, అక్కడ మాజీ సైనికుల ఫీజు ప్రభుత్వమే కాలేజీకి కట్టేస్తుందని చెప్పాడు. ఇక్కడ అలా ఎందుకు లేదు? ఎడ్యుకేషన్ లోన్ తీసుకోనా, ఎఫ్‌డీ తీసెయ్యనా? బాబు తొమ్మిది పాసై పదిలోకి వచ్చాడు. నేను కూడా డిగ్రీ చేద్దామనుకుంటున్నాను. ఒక సంస్థ 55 వేలు కడితే ఏడాదిలో ఇప్పిస్తానంటోంది. పేరు వెయ్యొద్దు.

జవాబు: పేరు వెయ్యడం లేదు లెండి. ముందు ఫీజు సంగతి చూద్దాం, ఎందుకంటే కాలేజీలో రిపోర్ట్ చేసే గడువు ఎవరి స్కాలర్‌షిప్ కోసమూ ఆగదు.

క్యాప్ కోటా అంటే సైన్యంలో పనిచేసిన, చేస్తున్న వాళ్ల పిల్లలకు కేటాయించే 2 శాతం సీట్లు. దాని పని సీటు ఇప్పించడం వరకే. ఫీజులో ఒక్క రూపాయి తగ్గదు. అమ్మాయి పక్కన కూర్చునే పిల్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే మనకెందుకు రాదని రేపు ఇంట్లో ప్రశ్న రావచ్చు. దానికి కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షలు దాటకూడదు. మీ పెన్షన్ ఒక్కటే ఏడాదికి 3.36 లక్షలు. కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు. ఒకటి మాత్రం గట్టిగా అడగండి. కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకు (మీదీ అదే) ట్యూషన్ ఫీజు ఎంతో ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 78 వేలలో ట్యూషన్ ఎంత, మిగతాది దేని కింద తీసుకుంటున్నారో రసీదులో విడివిడిగా రాయించుకోండి.

మీ తోడల్లుడి కొడుకు చెప్పింది నిజమే. అక్కడ 2009 ఆగస్టు నుంచి పోస్ట్-9/11 జీఐ బిల్ అనే పథకం నడుస్తోంది. సరిపడా సర్వీసు ఉన్నవాళ్లకు 36 నెలల చదువు దాకా ట్యూషన్ ఫీజు నేరుగా కాలేజీకి వెళ్తుంది. ఇంటి అద్దెకు, పుస్తకాలకు ఇచ్చేది మాత్రం విద్యార్థి చేతికి వస్తుంది. ఈ వ్యవహారం చూడటానికే కాలేజీలో ఒక అధికారి ఉంటాడు. ఫలానా విద్యార్థి ఈ టర్మ్‌లో ఇన్ని క్రెడిట్లకు చేరాడని ఆయన ధ్రువీకరిస్తేనే డబ్బు కదులుతుంది. మధ్యలో సబ్జెక్టు వదిలేస్తే అదీ పైకి రాయాలి, అప్పుడు ఇచ్చిన డబ్బులో కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైందని విద్యార్థిని క్లాసుకు రానివ్వకపోవడం, లేట్ ఫీజు వెయ్యడం కుదరదని 2018లో చట్టం కూడా చేశారు. అలాగని అక్కడంతా సవ్యంగా ఉందనుకోకండి. ప్రైవేటు వ్యాపార కాలేజీల ఆదాయంలో కేంద్ర సాయం 90 శాతం మించకూడదన్న నిబంధన ఉన్నా, జీఐ బిల్ సొమ్ము ఆ లెక్కలోకి వచ్చేది కాదు. దాంతో కొన్ని కాలేజీలు మాజీ సైనికుల వెంటపడి మరీ చేర్చుకునేవి. ఆ కన్నం పూడ్చడానికి 2021 దాకా పట్టింది.

మన దగ్గర దారి వేరు. మీరన్న స్కాలర్‌షిప్ డబ్బు కాలేజీకి కాదు, పిల్లల బ్యాంకు ఖాతాలోకి వస్తుంది, అదీ చదువు మొదలయ్యాక. కాలేజీ చెయ్యాల్సిందల్లా ఒక సంతకం, ఒక సీలు. అందుకే మీ స్కాలర్‌షిప్ మాట అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరికీ పట్టలేదు. వాళ్ల పుస్తకాల్లో ఆ డబ్బే ఉండదు మరి. వాళ్లతో వాదించి లాభం లేదు. రెండు వాయిదాల్లో కడతానని ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టుకోండి, దానికి చాలామంది ఒప్పుకుంటారు. మీరు మాత్రం స్కాలర్‌షిప్‌ను ఫీజు కట్టే డబ్బుగా చూడకండి. కట్టేసిన ఫీజులో కొంత తర్వాత తిరిగొచ్చే డబ్బుగా లెక్క వేసుకోండి. నేను కింద చెప్పే లెక్కంతా దీని మీదే ఉంది.

ఆ స్కాలర్‌షిప్ పేరు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం. మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు నడుపుతుంది. అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. ఏడాది మొత్తం ఒకేసారి వేస్తారు కాబట్టి మీ అమ్మాయికి 36,000, నాలుగేళ్లకు 1.44 లక్షలు. దేశం మొత్తానికి ఏటా కొత్తగా ఇచ్చేవి 5,500, అందులో సగం అమ్మాయిలకు. ఇంటర్‌లో 60 శాతం ఉంటే దరఖాస్తు పెట్టొచ్చు. కానీ యుద్ధంలో చనిపోయిన, గాయపడిన వాళ్ల కుటుంబాలకు, శౌర్య పతకాలు అందుకున్న వాళ్ల పిల్లలకు ముందు ఇచ్చి, మిగిలినవి మీలాంటి వాళ్ల పిల్లలకు మార్కుల వరుసలో ఇస్తారు. 88 శాతం మంచి మార్కులే, గ్యారంటీ మాత్రం కాదు.

దీనికి మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టాలి. ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అంటే 1.44 లక్షలూ పోయినట్టే. మంజూరయ్యాక కూడా ఏటా 50 శాతం పైన తెచ్చుకుని పాసైతేనే తర్వాతి ఏడాది డబ్బు వస్తుంది. మార్కుల మెమోలో గ్రేడ్లే ఉంటే, దాని శాతం ఎంతో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి పెట్టుకోండి.

ఇక కాగితాలు. అర్హత ఉన్నవాళ్లు కూడా ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. బోనఫైడ్, అంటే ఇక్కడ చదువుతోందని ధ్రువపత్రం, అడిగితే కాలేజీ ఆఫీసులో తమ దగ్గరున్న అచ్చు కాగితం మీద పేరు రాసి ఇచ్చేస్తారు. అది పనికిరాదు. సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో బోనఫైడ్‌కు వేరే నమూనా ఉంది. దాన్ని మీరే ప్రింట్ తీసి, కోర్సు, చేరిన తేదీ, సంవత్సరం నింపి, ప్రిన్సిపాల్ సంతకం, రౌండ్ సీలు వేయించుకోండి. స్కాలర్‌షిప్ సెక్షన్‌లో కూర్చునే వాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల జ్ఞానభూమి పోర్టల్ పనితోనే రోజు గడిచిపోతుంది. మీ ఫారం లాంటిది వాళ్ల చేతికి వచ్చేదే అరుదు. తప్పు వాళ్లదని కాదు, పని మీది కాబట్టి మీరే సిద్ధం చేసి తీసుకెళ్లాలి.

రెండోది పేరు. రిటైరైనప్పుడు నేవీ ఇచ్చిన మీ డిశ్చార్జ్ బుక్ తీసి ఇవాళే చూడండి. నేవీ రికార్డులో పిల్లల పేరు ఇంటిపేరు లేకుండానో, ఇంటిపేరు చివర్లోనో ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, అదీ పూర్తిగా. ‘లక్ష్మి’ ఒకచోట విడిగా, ఇంకోచోట కలిపి రాసి ఉంటుంది. మనకది ఒకే పిల్ల, కంప్యూటర్‌కు ఇద్దరు. పుట్టిన తేదీ కూడా సరిచూసుకోండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, అఫిడవిట్ చాలా, ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో రికార్డు మార్పించాలా అని ముందే తేల్చుకోండి. మార్పించాల్సి వస్తే టైం పడుతుంది. గడువు చివరి వారంలో ఆ ఆఫీసు దగ్గర కనిపించే వాళ్లలో చాలామంది ఈ పేరు గొడవతో వచ్చిన వాళ్లే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీకి అప్పగించకండి. చూసి, సరిపోల్చుకుని వెంటనే తిరిగి ఇవ్వాలని, దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. స్కాలర్‌షిప్ దరఖాస్తును సైనిక సంక్షేమ కార్యాలయం పరిశీలించేటప్పుడు అవే ఒరిజినల్స్ మీ చేతిలో ఉండాలి. కాలేజీ బీరువాలో ఉంటే మళ్లీ దాని కోసం ఇంకో అర్జీ.

ఇప్పుడు డబ్బు. మీకు లోన్ అక్కర్లేదు. నెలకు 12 వేలు మిగులుతున్నాయంటే ఏడాదికి 1.44 లక్షలు, అమ్మాయి ఖర్చు 1.10 లక్షలు. కొరత ఈ మొదటి ఏడాదికే. మూడు ఎఫ్‌డీల్లో అన్నిటికన్నా ఈమధ్య వేసినదాన్ని తీయండి, వదులుకునే వడ్డీ అందులోనే తక్కువ. 1.10 లక్షలు ఫీజుకు పోగా మిగతాది అదే రోజు మళ్లీ ఎఫ్‌డీ చేసెయ్యండి. ఈ నెల నుంచే నెలకు 9,500 చొప్పున కట్టే ఏడాది ఆర్‌డీ మొదలుపెట్టండి. వచ్చే ఏడు ఫీజు వేళకు 1.14 లక్షలూ, పైన వడ్డీ చేతికొస్తాయి. స్కాలర్‌షిప్ పడిన రోజు ఆ 36 వేలు ఖర్చులో కలపకుండా ఎఫ్‌డీలో వెయ్యండి. ఫోన్ కొనాలని అమ్మాయి అడుగుతుంది, ఆమె ఖాతాలో పడే డబ్బు కాబట్టి అడగడంలో న్యాయం ఉంది. ఆ బేరం మీరే చూసుకోండి.

లోన్ వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా అంటే, అది పాత పన్ను విధానంలోనే. మీ ఆదాయానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు. తీసుకునే వడ్డీ కంటే కట్టే వడ్డీ ఎక్కువైనప్పుడు ఊరికే అప్పు ఎందుకు? రేపు అమ్మాయి ఎంటెక్‌కో, బయటి దేశానికో వెళ్తానంటే అప్పుడు ఆలోచిద్దాం.

మీరు అడగని విషయం ఒకటి చెప్తాను. మీ ఎఫ్‌డీలకు అసలు గండం అమ్మాయి బీటెక్ కాదు, బాబు ఇంటర్. పది అవగానే కార్పొరేట్ కాలేజీ పీఆర్వోలు ఇంటికి వస్తారు, ‘డిఫెన్స్ పిల్లలకు కన్సెషన్’ అంటారు. అది వాళ్లు వేసుకున్న రేటులోంచి వాళ్లే తగ్గించేది, ప్రభుత్వ సాయం కాదు. రెండేళ్ల మొత్తం ఎంతో రాయించుకున్నాకే మాట్లాడండి. అమ్మాయి నాలుగో సంవత్సరం, బాబు బీటెక్ మొదటి సంవత్సరం ఒకేసారి వస్తాయి. ఆ ఏడాది కోసం ఇప్పుడున్న ఎఫ్‌డీల్లో 2 లక్షలు పక్కన పెట్టండి.

బాబుకు ఇప్పుడే రావాల్సింది కూడా ఉంది. హవల్దార్, దానికి సమానమైన ర్యాంకు వరకు రిటైరైన వాళ్ల పిల్లలకు సైనిక్ బోర్డు విద్యా గ్రాంటు ఇస్తుంది. నేవీలో ఆ సమాన ర్యాంకు పెట్టీ ఆఫీసరే, కాబట్టి మీరు దీనికి వస్తారు. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, ఇద్దరు పిల్లల వరకు. నెలకు 1,000 ఉన్నదాన్ని 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 2,000 చేశారు. తరగతి పాసయ్యాక ఆ మెమోతో దరఖాస్తు పెట్టాలి, అంటే తొమ్మిదో తరగతికి ఇప్పుడు పెట్టాలన్నమాట. ఇంకో స్కాలర్‌షిప్ తీసుకునే పిల్లలకు ఇది ఇవ్వరు. అందుకని అమ్మాయికి ముందు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కే పెట్టండి. అది రాకపోతే, బీటెక్‌కు ఈ గ్రాంటు వర్తిస్తుందో లేదో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

చివరగా మీ డిగ్రీ. ఏడాదిలో ఇప్పించే డిగ్రీ యూజీసీ లెక్కలో డిగ్రీ కాదు, ఆ 55 వేలు కట్టొద్దు. చదవాలన్న కోరిక నిజంగా ఉంటే ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య ఉంది. ఎలా చూసినా మూడేళ్లు పడుతుంది. ఉద్యోగం కోసమే అయితే, టెన్త్ పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవాళ్లు డిగ్రీ అర్హత అడిగే కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టులకు, సాంకేతిక అర్హత అక్కర్లేని వాటికి, దరఖాస్తు చెయ్యొచ్చు. ఆ మేరకు నేవీ ఇచ్చే సర్టిఫికెట్ మీ దగ్గర ఉందో లేదో చూడండి. లేకపోతే అమ్మాయి పేరు విషయమై బ్యూరోకు రాసేటప్పుడు, విడిగా ఇంకో ఉత్తరం పెట్టి అదీ అడిగెయ్యండి.