మా అమ్మాయి నోట్‌బుక్‌లో మా వంటింటి గ్లాసు

ప్రశ్న: మాది విజయవాడ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారు బ్యాంకు ఉద్యోగి. 74 ఏళ్ల మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. మా అమ్మాయి పదో తరగతిలోకి వస్తోంది. ఈ వేసవి సెలవుల్లో, పిల్లల చేత సామాజిక అసమానతల మీద పరిశోధన చేయించే ఆరు వారాల శిబిరంలో చేరింది. తన గ్రూపుకి వచ్చిన అంశం ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల పరిస్థితి. నాలుగో వారంలో నోట్‌బుక్‌లో మా ఇంటి బొమ్మ గీసి, వంటింటి కిటికీ దగ్గర గుర్తు పెట్టి ‘ఆవిడ గ్లాసు ఇక్కడ’ అని రాసింది. మా ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడకి గ్లాసు, పళ్లెం విడిగా ఉంటాయి. అది అత్తయ్యగారు పెట్టిన పద్ధతి. ఈ సోమవారం మా అమ్మాయి నానమ్మ ఎదురుగానే, మేం తాగే గ్లాసులో ఆవిడకి టీ పోసి ఇచ్చింది. ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టేసి, తాగకుండానే వెళ్లిపోయింది. రెండు రోజులుగా పనికి రావడం లేదు. అత్తయ్యగారు సరిగ్గా అన్నం తినడం లేదు. ఈ కాలంలో కులాలెక్కడున్నాయి, ఇవన్నీ పిల్లల బుర్రలోకి ఎక్కిస్తున్నారంటూ మావారు శిబిరం మాన్పించి కోచింగ్‌లో వేస్తానంటున్నారు. చివరి రోజు తల్లిదండ్రులందరి ముందు పిల్లలు తమ పరిశోధన చెప్పాలట. అక్కడ మా ఇంటి సంగతి బయటపెడుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. కారణాలు తర్వాత చెబుతాను. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండుసార్లూ నా మనసు గట్టు మీద చల్లారిపోయిన ఆ టీ దగ్గరే ఆగింది. ఆవిడ ఎందుకు తాగలేదో మీ ఇంట్లో ఎవరైనా ఆలోచించారా? తాగితే పెద్దావిడకి కోపం వస్తుంది. తాగకపోతే పాప చిన్నబుచ్చుకుంటుంది. ఎటు చూసినా పోయేది తన పనే కదా అని భయపడి ఉంటుంది. అందుకే ఈ రోజే ఆవిడకి ఫోన్ చేయండి. వీలైతే ఇంటికే వెళ్లండి. పని ఎక్కడికీ పోదని, ఈ రెండు రోజుల జీతంలో కోత పెట్టబోమని మీ నోటితో చెప్పండి. మీ అమ్మాయిని పంపకండి, మీరే వెళ్లండి.

ఇక గ్లాసు సంగతి. మీ అమ్మాయి రాసింది నిజం. పల్లెటూరి టీ కొట్లలో దళితులకి విడిగా గ్లాసు పెడితే దాన్ని రెండు గ్లాసుల పద్ధతి అంటాం, తప్పంటాం. అదే మన వంటింట్లో ఉంటే అలవాటు అంటాం, శుభ్రత అంటాం. మీరు తాగే గ్లాసులన్నీ రోజూ తోమి బోర్లించేది ఆవిడే కదా! ఆ చేతులు తోమిన గ్లాసు శుభ్రమైనప్పుడు, ఆ నోరు తాగిన గ్లాసు ఎందుకు కాదు? అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950లో, మీ అత్తయ్యగారు పుట్టకముందే. ఈ కాలంలో కులాలెక్కడున్నాయన్న మీవారికి ఒక్క మాట చెప్పండి. మీకు అంత దూరం కాని కారంచేడులో 1985లో గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గరే. నీళ్లు పాడుచేయొద్దని దళితులు అడిగినందుకు మొదలై, మర్నాడు, జూలై 17న, దళితవాడ మీద దాడి దాకా వెళ్లింది. ఆరుగురి ప్రాణాలు పోయాయి. మనుషుల్ని ఎక్కువ తక్కువలుగా చూడటం నీళ్ల దగ్గర, కంచం దగ్గర మొదలవుతుంది. అందుకే మీ పాప గీసిన ఆ చిన్న గుర్తుని నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

అది అత్తయ్యగారు పెట్టిన పద్ధతి అన్నారు. కావచ్చు. పదకొండేళ్లుగా అందులో టీ పోస్తున్నది మాత్రం మీరు. ఆ గ్లాసు తీసేయాల్సింది కూడా మీరే. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. తల్లి చేయాల్సిన పని పదిహేనేళ్ల పిల్ల ఒక్కతే భుజాన వేసుకుంది కాబట్టే ఇల్లంతా ఇలా అయింది.

మీ అమ్మాయి వైపు కూడా ఒక పొరపాటు ఉంది. పరిశోధన చేసేవాళ్లకి మొదట నేర్పే పాఠం, ఎవరి గురించి తెలుసుకుంటున్నామో వాళ్ల అనుమతి అడగాలి, మన వల్ల వాళ్లకి హాని జరగకూడదు అని. కొలంబియాలో ఫాల్స్ బోర్డా అనే సామాజిక శాస్త్రవేత్త లాంటివాళ్లు, సమస్య ఎవరిదో వాళ్లే పరిశోధనలో భాగం కావాలని పట్టుబట్టారు. ఇలాంటి శిబిరాలకి మూలం ఆ ఆలోచనే. మీ పాప ఆవిడ కోసం పోట్లాడింది కానీ ఆవిడని అడగలేదు. “నువ్వు చూసింది నిజమే. కానీ ఆవిడకి ఏం కావాలో కనుక్కున్నావా?” అని నెమ్మదిగా అడగండి. మొదటి మాట తప్పకుండా చెప్పండి. అది చెప్పకుండా రెండోది అడిగితే తిట్టినట్టే ఉంటుంది.

నిజంగా కూర్చుని అడిగితే ఆవిడ నోట గ్లాసు మాట రాకపోవచ్చు కూడా. నాతో మాట్లాడిన పనివాళ్లలో చాలామంది చెప్పింది బాత్రూమ్ గురించి. పొద్దున ఐదింటికి బయల్దేరి నాలుగిళ్లు తిరిగే మనిషికి, ఏ ఇంట్లోనూ బాత్రూమ్ వాడుకోనివ్వరు. అందుకని నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. తర్వాత వారానికో సెలవు, జ్వరం వచ్చినప్పుడు కోయని జీతం. ఇంటి పనిని కనీస వేతనాల పరిధిలోకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే తెచ్చారు. మీరిచ్చే జీతం దానికి తగ్గట్టు ఉందో లేదో మీ పాపనే లెక్క కట్టమనండి. పరిశోధనకి పనికొస్తుంది, మీకూ తెలుస్తుంది.

అత్తయ్యగారి విషయంలో తొందరపడకండి. ఆవిడతో వాదన పెట్టుకోవద్దు, మనవరాలిని కూడా పెట్టుకోనివ్వద్దు. ఆ గ్లాసు ఇక వాడబోమని మీరు, మీవారు కలిసి మర్యాదగా చెప్పండి. అనుమతి అడుగుతున్నట్టు కాదు, విషయం చెబుతున్నట్టు. ఆ తర్వాత ఒక రోజు మీ అమ్మాయిని నానమ్మ దగ్గర కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడగమనండి: “నీ చిన్నప్పుడు నెలకి మూడు రోజులు ఎక్కడ ఉండేదానివి?” ఆ తరంలో చాలామంది ఆడవాళ్లకి బయట ఉన్న ఆ మూడు రోజులూ చాప వేరు, చెంబు వేరు, పళ్లెం వేరు. ఎవరైనా దూరం నుంచి అన్నం పెడితే తినాలి. మీ అత్తయ్యగారికి ఆ విడి పళ్లెం తెలిసే ఉంటుంది. పోలిక మీరెవరూ తేకండి. ఆవిడని చెప్పుకోనివ్వండి, పిల్లని విననివ్వండి. ఎదురు ప్రశ్న వేయకుండా వినడం మీ అమ్మాయికి శిబిరంలో చెప్పిన పాఠమే అయి ఉంటుంది.

మీవారి భయం చదువు గురించే అయితే దానికి జవాబు తేలిక. స్కూళ్లు తెరిచేది జూన్ 12న. శిబిరం ఇంక రెండు వారాలే. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్యల మీదే సర్వేలు చేసి రిపోర్టులు రాస్తుంటారు, వాళ్ల చదువులేమీ చెడిపోలేదు. పిల్లలు బస్తీలకి వెళ్తున్నప్పుడు వెంట పెద్దవాళ్లు ఎవరుంటున్నారు, ఫోటోలు తీస్తే ఏం చేస్తున్నారు అన్నది మాత్రం మీవారే వెళ్లి కనుక్కోవచ్చు. అది తండ్రిగా ఆయన అడగాల్సిన ప్రశ్న.

చివరి రోజు గురించి. ‘మా పరువు పోతుంది, చెప్పొద్దు’ అని పాపతో అనకండి. ఆ మాట అంటే, తను చూసిన నిజం కన్నా మీకు నలుగురూ ఏమనుకుంటారోనన్నదే ముఖ్యమని తను జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. అయితే పేరు చెప్పకపోయినా, ‘మా ఇంట్లో’ అనగానే మీ అపార్ట్‌మెంట్ వాళ్లకి ఆవిడ ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి ఆ పేజీ చదవాలా వద్దా అన్నది మీరు గానీ మీ పాప గానీ తేల్చేది కాదు. ఆవిడ మళ్లీ పనిలోకి వచ్చాక, నాలుగు రోజులు ఆగి, ఏం చెప్పబోతోందో మీ పాప ఆవిడకి చదివి వినిపించాలి. కాదంటే పనికి ఏమీ కాదని మీరు పక్కనుండి చెప్పాలి. ఆవిడ వద్దంటే ఆ పేజీ నోట్‌బుక్‌లోనే ఉంటుంది. సరేనంటే, ఆ రోజు మీరు వెళ్లి ముందు వరసలో కూర్చోండి.